నేలపట్టు గట్టు మీద, షార్ రోడ్డు మీద రెండు లెన్సులు

సూళ్లూరుపేట స్టేషన్ బయట కారు బాడుగ వినగానే ఉత్సాహం సగం చప్పబడింది. ఫ్లెమింగో పండగ దగ్గరపడుతోందని మామూలు రేటుకు రెట్టింపు చెప్పారు. ఆటోలో పోదామంటే పని జరగదు. పక్షుల ఫొటోలు తీసేటప్పుడు లెన్సును ఆనించే గింజల సంచీ, అంటే బీన్ బ్యాగు, పెట్టుకోవడానికి కారు కిటికీ కావాలి. పైగా వెంట ఉన్న రెండు లెన్సుల బరువే అయిదు కిలోలు దాటింది. నా సోనీ 200-600 జూమ్ 2,115 గ్రాములు, చెన్నైలో అద్దెకు తీసుకున్న సోనీ 600 ఎఫ్/4 ప్రైమ్ 3,040 గ్రాములు. జూమ్ అంటే 200 నుంచి 600 మిల్లీమీటర్ల దాకా తిప్పుకునేది, ప్రైమ్ అంటే 600 దగ్గరే స్థిరంగా ఉండేది. మిల్లీమీటర్లు పెరిగినకొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది, ఎఫ్ పక్కన అంకె తగ్గినకొద్దీ వెలుతురు ఎక్కువ లోపలికొస్తుంది. బీన్ బ్యాగును ఖాళీగా తెచ్చుకుని, కిరాణా కొట్లో రెండు కిలోల జొన్నలు పోయించాను. బియ్యమైనా పరవాలేదు. ఇసుక మాత్రం వద్దు, కుట్లలోంచి రాలి జూమ్ రింగు సందుల్లో చేరుతుంది.

జూమ్ రెండు లక్షల దగ్గర్లో వస్తుంది, ప్రైమ్ పది లక్షలు దాటుతుంది. అంత తేడా దేనికిస్తున్నామో ఒకే కెమెరాతో, ఒకే పక్షుల ముందు తేల్చుకోవాలనే వచ్చాను.

అద్దె లెన్సు తీసుకునేటప్పుడు కొట్లోనే కొన్ని చూసుకోవాలి. వెనక నుంచి టార్చి వేసి, ముందు అద్దంలోంచి చూస్తే బూజు ఉంటే సాలెగూడు దారాల్లా కనిపిస్తుంది. అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, గోడ మీది అక్షరాలను తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడాలి. ఒక మూల మాత్రమే మసకబారితే లోపలి అద్దం పక్కకు జరిగిందని అర్థం. వెనకవైపు చిన్న ఫిల్టరు పెట్టే అర ఉంటుంది. దాని హోల్డరు ఉందో లేదో చూసుకోకపోతే తిరిగిచ్చేటప్పుడు డబ్బు మన నెత్తిన పడుతుంది.

నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రానికి చీకటి ఉండగానే బయల్దేరాం. హైవే మీద దొరవారిసత్రం దాకా పోయి లోపలికి తిరగాలి. రాత్రి ఏసీ గదిలో పెట్టిన లెన్సును సముద్రపు గాలిలోకి ఒక్కసారిగా తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. అందుకే బ్యాగు జిప్పు తీయకుండా అరగంట ముందే గది బయట పెట్టాలి. గుడ్డతో తుడిచి లాభం లేదు, తుడిచిన చోటే మళ్లీ పడుతుంది.

వాచ్ టవర్ ఎక్కేసరికి తూర్పు ఇంకా ఎర్రబడుతోంది. నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు). కొన్ని రెమ్మలు తెచ్చి గూళ్లు సర్దుతున్నాయి, కొన్ని నోరు తెరిచి, అందులోకి మూతి దూర్చిన పిల్లలను మేపుతున్నాయి. ప్రైమ్ ధర ఎందుకంత ఉందో ఇక్కడే తెలుస్తుంది. ఐఎస్‌ఓ అంటే కెమెరా వెలుతురును ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే అంకె, అది పెరిగినకొద్దీ ఫొటోలో రవ్వ పెరుగుతుంది. షట్టర్ సెకనులో 1/500 వంతు దగ్గర ఉంచితే, ఎఫ్/6.3 జూమ్‌కు ఐఎస్‌ఓ 6400 అడిగిన వెలుతురులో ఎఫ్/4 ప్రైమ్ 2500 తోనే తీసింది. ఒక స్టాపు (అంటే వెలుతురు రెట్టింపు), ఇంకో మూడో వంతు తేడా. గూడబాతు మెడ మీది బూడిదరంగు నూగు, ముక్కు మీది నల్ల చుక్కలు జూమ్ ఫొటోలో రవ్వరవ్వగా కలిసిపోతే, ప్రైమ్ ఫొటోలో విడివిడిగా నిలిచాయి. వెనకున్న కొమ్మల గజిబిజి కూడా ఎఫ్/4 దగ్గర కరిగిపోయింది.

పొద్దెక్కాక ఆ గొప్ప తగ్గిపోయింది. ఎండ బాగా పడ్డాక జూమ్‌తో ఎఫ్/6.3, 1/2000 పెట్టినా ఐఎస్‌ఓ 500 దగ్గరే ఆగింది. ఆ స్థాయిలో రెండు లెన్సుల ఫొటోలను పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూస్తే తప్ప తేడా కనపడదు. పైగా అప్పుడే గూడబాతులు మేతకు లేచి టవర్ మీదుగా తిరగడం మొదలెట్టాయి. ఇక్కడ చిన్న లెక్క వేసుకోవాలి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 600 మిల్లీమీటర్లకు 30 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు 1.8 మీటర్లే. రెండు మీటర్లు దాటే రెక్కలు అందులో పట్టవు. అదే 200 దగ్గర 5.4 మీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సరుండే ఏపీఎస్-సీ కెమెరాకు ఈ వెడల్పులు ఇంకా తగ్గుతాయి. పక్షి దగ్గరికొస్తుంటే జూమ్ రింగు వెనక్కి తిప్పితే చాలు, ప్రైమ్‌తో మాత్రం తెగిన రెక్కలే దక్కుతాయి. ఎగిరే పక్షిని జూమ్‌తో 300 దగ్గర వెతికి పట్టుకుని, ఫోకస్ కుదిరాక 600కు పోవాలి. మొదటే 600 దగ్గర వెతికితే ఖాళీ ఆకాశం చూస్తూ ఉండిపోతాం. ఫోకస్ లిమిటర్‌ను (ఫోకస్ వెతికే దూరానికి హద్దు పెట్టే మీట) 10 మీటర్ల నుంచి అనంతం మీద పెడితే లెన్సు దగ్గరి కొమ్మల మీదికి దూకదు.

సూళ్లూరుపేటకు తిరిగొచ్చి చేపల పులుసుతో భోంచేసి, మధ్యాహ్నం శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి (షార్) పోయే రోడ్డెక్కాం. అటకానితిప్ప దగ్గర్లో ఉత్తరం వైపు నీళ్లలో ఫ్లెమింగోలు బారులు తీరి ఉన్నాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు నుంచి పోతాడు కాబట్టి ఉత్తరాన ఉన్న పక్షుల మీదే వెలుగు సరిగ్గా పడుతుంది. కారు ఆపి ఇంజన్ కట్టేయాలి, తలుపు తీయకూడదు. కారును చూసి బెదరని పక్షి, మనిషి కాలు కింద పెట్టగానే లేచిపోతుంది. ప్రైమ్‌కు దృశ్యాన్ని 1.4 రెట్లు పెంచే టెలికన్వర్టర్ తగిలించి 840 మిల్లీమీటర్లు, ఎఫ్/5.6 చేసి బీన్ బ్యాగు మీద ఆనించాను. డ్రైవరు పెద్దాయన వెనక్కి తిరిగి చెప్పాడు:

"ఇప్పుడు తీసినా రావు సార్. ఆ నీళ్ల మీద గాలి మరుగుతా ఉండాది, చూడండి."

కెమెరా తెరను పెద్దది చేసి చూస్తే ఫ్లెమింగో కాళ్లు నిటారుగా లేవు, పాకే పాముల్లా వంకరలు పోతున్నాయి. వరసగా తీసిన ఫొటోల్లో ఒకే పక్షి తల ఒక్కోదాంట్లో ఒక్కో ఆకారంలో వచ్చింది. షట్టర్ 1/4000కు పెంచినా మారలేదు, వంకర తిరిగిన క్షణమే గట్టిగా గడ్డకడుతుంది. పక్షికీ మనకూ మధ్య రెండు మూడొందల మీటర్ల వేడి గాలి ఉంటే పది లక్షల అద్దమూ, రెండు లక్షల అద్దమూ ఒకటే. టెలికన్వర్టర్ ఆ వంకర్లను ఇంకా పెద్దవి చేసి చూపిస్తుంది. కారులో ఏసీ నడుస్తుంటే చల్లగాలి, వేడిగాలి కిటికీ దగ్గరే కలిసి ఇంకో తెర కడతాయి. అందుకే ముందుగా ఏసీ ఆపి నాలుగు అద్దాలూ దించాలి. ఎండలో కాగిన లెన్స్ హుడ్ (లెన్సు ముందు తగిలించే నీడ గొట్టం) లోపల కూడా గాలి మరుగుతుంది, అప్పుడు హుడ్ తీసేయడమే మేలు.

ప్రైమ్‌ను బ్యాగులో పెట్టేసి జూమ్‌ను 200కు తెచ్చాను. బారు మొత్తం, దాని కింద గులాబీ నీడ, వెనక తాటిచెట్ల గీత, అన్నీ పట్టాయి. పక్షి ఫ్రేములో చిన్నదైనప్పుడు గాలి వంకర్లు కంటికి ఆనవు. ఆ మధ్యాహ్నం పనికొచ్చిన ఫొటోలన్నీ ఇలా తీసినవే.

సాయంత్రం నేల చల్లబడ్డాక పెద్దాయనే కారు ఇంకోచోటికి తీసుకెళ్లాడు. అక్కడ గట్టుకు దగ్గరగా నాలుగైదు ఫ్లెమింగోలు తలకిందులుగా ముక్కు ముంచి మేస్తున్నాయి. పొద్దు వాలుతున్నకొద్దీ జూమ్ మీద ఐఎస్‌ఓ వేలల్లోకి ఎగబాకింది. ప్రైమ్ మళ్లీ బయటికొచ్చి పొద్దుగుంకాక కూడా పావుగంట పనిచేసింది. ఆ పావుగంటకూ, పొద్దున్నటి అరగంటకూ అద్దె కట్టడం నాకు న్యాయంగానే తోచింది. కొనడానికైతే నా డబ్బు జూమ్ మీదే పెడతాను. ఏడాదిలో ఎన్నోసార్లు ఇలాంటి మసక వెలుతురులోనే, గూళ్ల దగ్గరే పనిచేసేవాళ్లకు నా లెక్క వర్తించదు.

పులికాట్ గాలిలో ఉప్పుంటుంది. గదికి చేరగానే మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో లెన్సు గొట్టం, స్టాండుకు బిగించే కాలర్ మరలు, లెన్సు కెమెరాకు బిగిసే మౌంటు చుట్టూ తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవాలి. ముందు అద్దాన్ని ముందుగా బ్లోయర్‌తో ఊదాలి, లేకపోతే ఉప్పు రేణువులే దాని మీద గీతలు పెడతాయి. జూమ్ చేసినప్పుడు పొడుగు సాగే లెన్సులైతే సాగిన భాగాన్ని తుడవకుండా లోపలికి పోనివ్వొద్దు, తేమా ఉప్పూ దాంతోపాటే లోపలికి పోతాయి.