షోనెన్‌బూర్‌లో, నేల కింద

పైన నిలబడి చూస్తే అక్కడ కోట ఉందని ఎవరూ అనుకోరు. ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో, జర్మనీ సరిహద్దుకు దగ్గర్లో, చెట్ల మధ్య ఒక కాంక్రీటు ద్వారం, అంతే. షోనెన్‌బూర్ కోటలో ముఖ్యమైనదంతా దాదాపు 30 మీటర్ల లోతులో ఉంది. ఎండాకాలంలో వెళ్లినా లోపల స్వెటర్ తీయలేకపోయాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ దాదాపు 14 లక్షల మంది సైనికుల్ని పోగొట్టుకుంది. మళ్లీ అంతమందిని బలిపెట్టలేక, తక్కువ మందితోనే సరిహద్దును కాపాడుకోవాలని, షోనెన్‌బూర్ లాంటి కోటల వరుసగా మాజినో రేఖ కట్టారు. ఆ పేరు అప్పటి యుద్ధశాఖ మంత్రి ఆంద్రే మాజినోది. ఆయనా ఆ యుద్ధంలో గాయపడిన సైనికుడే. రేఖ పూర్తికాకముందే, 1932 జనవరిలో చనిపోయాడు.

సొరంగాలన్నీ కలిపితే 3 కిలోమీటర్ల పైనే. సుమారు 600 మంది ఇక్కడే తిని, ఇక్కడే పడుకున్నారు. వంటగది, చిన్న ఆసుపత్రి, డీజిల్ ఇంజన్లు, విషవాయువును ఆపే ఫిల్టర్లు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని కాపాడుతున్నది స్థానిక స్వచ్ఛంద సంఘం. ఇరుకు బంకు మంచాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాటి మీద పడుకున్నవాళ్లలో ఎంతోమందికి పాతికేళ్లు కూడా ఉండవు. పగలో రాత్రో తెలియని చోట నెలల తరబడి ఎలా ఉన్నారో!

పొడవాటి సొరంగం దాటితే ఫిరంగుల విభాగం వస్తుంది. ఉక్కు టరెట్, అంటే ఫిరంగులుండే గుండ్రటి గోపురం, పైకి లేచి, చుట్టూ తిరిగి కాల్చి, మళ్లీ నేలలోకి దిగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 జూన్‌లో దీని మీద జర్మన్ బాంబులు కురిశాయి, 420 మిల్లీమీటర్ల భారీ ఫిరంగి గుండ్లు కూడా పడ్డాయి. విమానాలు వస్తే టరెట్ దించేవాళ్లు, వెళ్లగానే లేపి మళ్లీ కాల్చేవాళ్లు. కోట పడలేదు. యుద్ధ విరమణ తర్వాత పైనుంచి ఆదేశం రావడంతో, జులై 1న అప్పగించారు.

మాజినో రేఖ దండగ అని తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. జర్మన్ సైన్యం దీన్ని ఛేదించి ఫ్రాన్స్‌లోకి రాలేదు. ఆర్డెన్ అడవుల గుండా వచ్చి, సెడాన్ దగ్గర మ్యూజ్ నది దాటింది. అటువైపు రక్షణ పలచగా వదిలేసిన సేనాధిపతులది తప్పు. ఇక్కడి సైనికులు మాత్రం తమకు అప్పగించిన చోటును చివరిదాకా నిలబెట్టారు.