పిక్క పట్టేదాకా నడక

మాది నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట. నాకు 67 ఏళ్లు, షుగర్ ఎప్పటినుంచో ఉంది. మార్కెట్‌కి నడుస్తుంటే సగం దారిలో కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయేది. కాసేపు నిలబడితే తగ్గేది. మళ్లీ బయల్దేరితే దాదాపు అంతే దూరానికి మళ్లీ పట్టేసేది. ఇంట్లో అందరూ వాతం అన్నారు. "ఈ వయసులో ఇంకేం తిరుగుతావు, కూర్చోరాదా" అంది మా వదిన.

డాక్టరు గారు మొదట అడిగింది ఒకటే: "ఊరికే నిలబడితే తగ్గుతుందామ్మా, కూర్చుంటే గానీ తగ్గదా?" నడుము దగ్గర నరాలు నొక్కుకుపోయినవాళ్లకి కూర్చుంటేనో, ముందుకు వంగితేనో హాయిగా ఉంటుందట. నిలబడగానే తగ్గిందంటే కాలి రక్తనాళాలు చూడాలన్నారు. చేతి దగ్గరా చీలమండ దగ్గరా బీపీ కొలిచి, చీలమండ అంకెని చేతి అంకెతో భాగించారు. 0.9 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే నాళాలు పూడినట్టు. నాకు 0.7 వచ్చింది. షుగర్ పాతదైతే నాళాలు గట్టిపడి ఈ అంకె ఎక్కువగా కూడా చూపించవచ్చని, నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ కూడా తీశారు.

రక్తం పలచబడే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర రాశారు. గుండె కూడా పరీక్ష చేశాక, అసలు మందు నడకే అన్నారు. నొప్పి ఒక మోస్తరుగా వచ్చేదాకా నడవాలి, పూర్తిగా పోయేదాకా ఆగాలి, మళ్లీ నడవాలి. అలా అరగంటతో మొదలుపెట్టి ముప్పావు గంట దాకా, వారానికి కనీసం 3 రోజులు. ఫలితం తెలియాలంటే 3 నెలలు పడుతుందన్నారు. నొప్పితో నడిస్తే కాలు పాడవుతుందేమోనని నాకు చాలా టెన్షన్. పాడవదు, వచ్చే కొద్ది రక్తాన్నే బాగా వాడుకోవడం కండకి అలవాటవుతుందని ఓపిగ్గా చెప్పారు. ఆ మాట పట్టుకునే నడిచాను.

ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం నాకు బాగా కుదిరింది. నేల చదును, బండ్ల గొడవ లేదు. మా మనవరాలు తోడొచ్చేది. "జేజీ, ఇయ్యాల ఆగకుండా ఎంత దూరం పోయినావ్?" అని అడుగుతుంటే ఇంకో నాలుగడుగులు వేయబుద్ధేసేది. రోహిణీ కార్తెలో తెల్లవారకముందే వెళ్లి వచ్చేసేవాళ్లం. తుపాను రోజుల్లో పాచి పట్టిన నేల మీద జారుతామని ఇంట్లో వసారాలోనే తిరిగేదాన్ని.

చెప్పులు మానేసి ముందు వెడల్పుగా ఉండే బూట్లు కొన్నాం. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి ఉందేమో చూస్తాను, ఎందుకంటే తిమ్మిరెక్కిన అరికాలికి రాయి గుచ్చినా తెలియదు. రాత్రి అద్దం పెట్టి పాదాలు చూసుకుంటాను. షుగర్ పడిపోతే అని జేబురుమాల్లో బెల్లం ముక్క కట్టుకుంటాను.

మళ్లీ కొలిచినప్పుడు ఆ చీలమండ బీపీ అంకె పెద్దగా మారలేదు. అయినా ఇప్పుడు మార్కెట్‌కి ఆగకుండా పోతున్నాను. ఈసారి రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర జనంలో చెరువు దాకా నడిచాను.

మొన్న మా వీధిలో ఒక పెద్దాయన, రాత్రి పడుకున్నా పాదం నొప్పి, కాలి వేలు నల్లబడిందని చెప్పారు. అది నడకతో ఆగే దశ కాదని ఆయనకి నా నడక సంగతి చెప్పలేదు. కొడుకుని పిలిచి, అప్పుడే ఆటోలో డాక్టరు దగ్గరికి పంపించాను.