టేపు పట్టుకుని స్కూలు రోడ్డు మీద

ఆదివారం

పొద్దున్నే టేపు, చాక్‌పీసు, నోటుపుస్తకం పట్టుకుని కాలనీ వాళ్లం నలుగురైదుగురం స్కూలు రోడ్డు మీద పడ్డాం. పోయిన వారం రాత్రి స్పీడ్ బ్రేకర్ కనపడక స్కూటీ మీద వస్తున్న అమ్మాయి పడిపోయింది. మోచేతులు దోక్కుపోయాయి, అంతటితో గండం గడిచింది. విచిత్రమేంటంటే, ఆ మర్నాటి నుంచి వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే పాట: ఇంకో రెండు స్పీడ్ బ్రేకర్లు వేయించాలి!

ఆర్ అండ్ బీలో చేసి రిటైరైన పెద్దాయన "ముందు ఉన్నదాన్ని కొలవండయ్యా" అన్నారు. రోడ్ల కొలతలు, ప్రమాణాలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన లెక్క ప్రకారం వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలట. 25 కిలోమీటర్ల స్పీడుతో వచ్చే బండి ఇబ్బంది లేకుండా దాటాలి. 40 మీటర్ల ముందే బోర్డుండాలి. మాదేమో అడుగున్నర వెడల్పు, దాదాపు జానెడు ఎత్తు. బోర్డు లేదు, రంగు లేదు, పైన లైటుంది గానీ వేపకొమ్మలు కమ్మేశాయి. పైపులైను పూడ్చిన రోజు మిగిలిన కాంక్రీటు అక్కడ పోసి పోయారని ఇస్త్రీ బండతను చెప్పాడు.

తర్వాత స్కూలు గేటు దగ్గర మలుపు. పెద్దాయన నన్ను మోకాళ్ల మీద కూర్చుని చూడమన్నారు. రెండో తరగతి పిల్లాడి ఎత్తన్నమాట. నాకు రోడ్డే కనపడలేదు. ఆగి ఉన్న ఆటో టైరు, దాని పక్కన కొబ్బరిబోండాల గుట్ట, అంతే. ఆ పిల్లాడికి బండి కనపడనప్పుడు బండివాడికి పిల్లాడెలా కనపడతాడు? నన్నడిగితే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, బ్రేకర్లు ఎన్ని పోసినా తీరేది కాదు.

"నన్ను లేపేస్తే ఎక్కడికి పోవాలి సార్?" అన్నాడు బోండాలతను. న్యాయమే. పార్కు గోడ పక్కకి జరగమంటే, మధ్యాహ్నం నీడ ఉంటే సరేనన్నాడు. ఆటోవాళ్లతో మాత్రం అంత తేలిగ్గా తేలేలా లేదు.

టీ తాగుతూ అర్జీ రాశాం. ఉన్న బ్రేకర్ తీసేసి కొలతల ప్రకారం ఒక్కటే వేయాలి, కొమ్మలు కొట్టించాలి, గేటు ముందు జీబ్రా గీతలు, మలుపులో నో పార్కింగ్. చివరిది చదవగానే మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. ఆ మలుపులో రోజూ ఆగేవాటిలో ఆయన కారూ ఉంది మరి. సంతకమైతే పెట్టారు. రేపు వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.