నాగోబా ముంగిట్లో బజారు

"అక్కా, పట్నంలో ఎగ్జిబిషన్లు తిరిగింది చాలుగానీ ఒక్కసారి మా కేస్లాపూర్ రా. అక్కడ అమ్మేవాళ్ళ సంగతి తర్వాత, ముందు కొనేవాళ్ళను చూడాలి."

మా పిన్ని కొడుకు ఉట్నూర్ దగ్గర సర్కారు బడిలో టీచరు. ఏటా సంక్రాంతికి ఫోన్ చేసి ఇదే మాట అంటాడు. ఈసారి పుష్య అమావాస్య ఎప్పుడొచ్చిందో క్యాలెండర్‌లో చూసుకుని, వాడు ఫోన్ చేయకముందే బస్సు టికెట్ తీసుకున్నాను. నిర్మల్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కేసరికి తెల్లవారుతోంది. కిటికీ సందులోంచి కొట్టే చలికి శాలువా తలమీదికి లాక్కుని ముడుచుకుని కూర్చున్నాను. గుడిహత్నూర్‌లో దిగి, ఉట్నూర్ బస్సు పట్టుకున్నాను.

కేస్లాపూర్ ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో ఉంది. మామూలు రోజుల్లో అక్కడ చూడటానికి ఒక గుడి, పెద్ద పెద్ద మర్రిచెట్లు, చుట్టూ చేలు. పుష్య అమావాస్య వచ్చిందంటే మాత్రం ఆ చేలల్లోనే వీధులు పడతాయి, దుకాణాలు లేస్తాయి, రంగుల రాట్నాలు తిరుగుతాయి. తెలంగాణలో మేడారం తర్వాత అంత పెద్ద ఆదివాసీ జాతర ఇదే. జరిపించేది గోండుల్లో మెస్రం ఇంటిపేరు వాళ్ళు. వాళ్ళ కులదైవం నాగోబా, అంటే నాగదేవత.

జాతర అమావాస్య నాడు మొదలవుతుందని మనం అనుకుంటాం. మెస్రం వాళ్ళకు అది అంతకు చాలా ముందే మొదలైపోతుంది. నెలవంక కనబడగానే పెద్దలు సిరికొండ వెళ్ళి అక్కడి కుమ్మరి ఇంట్లో పూజకు కావలసిన కుండలు చెప్పి వస్తారు. తరతరాలుగా అదే కుటుంబం చేసిస్తోంది. తర్వాత చెప్పుల్లేకుండా కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు దాకా వెళ్ళి, ఇత్తడి ఝరిలో గోదావరి నీళ్ళు నింపుకుని, మళ్ళీ నడుచుకుంటూనే తిరిగొస్తారు. దారిలో ఇంద్రవెల్లి దగ్గర ఇంద్రాదేవికి పూజ చేసుకుని, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతారు. ఇదంతా టీ తాగుతూ మా తమ్ముడు చెబుతుంటే నా మనసు మాత్రం ఆ కుండల దగ్గరే ఆగిపోయింది. గోండుల దేవుడికి నీళ్ళు మోసే కుండ గోండుల ఇంట్లో తయారు కాదు, సిరికొండ కుమ్మరి సారె మీంచే రావాలి. అంటే దుకాణాలు రాకముందే, ఒక్క డేరా లేవకముందే, ఈ జాతరలో మొదటి బేరం అయిపోయిందన్నమాట.

మర్నాడు మధ్యాహ్నం బండి మీద బయల్దేరాం. దారిలో ఇంద్రవెల్లి స్తూపం దగ్గర తమ్ముడు బండి ఆపాడు. 1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో ఆ రోజు వారసంత. భూమి హక్కుల కోసం గిరిజన రైతు కూలీ సంఘం పెట్టుకున్న సభకు ఊళ్ళనుంచి గోండులు కదిలివచ్చారు, పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్ళు 13 మంది. అంతకు ఎన్నో రెట్లు పోయారని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ అంటారు. సంతకు వచ్చినవాళ్ళెవరో సభకు వచ్చినవాళ్ళెవరో ఆ రోజు ఎవరికి తెలుసు? ఈ అడవి ఊళ్ళలో మనిషి మనిషిని కలవాలంటే సంతకే రావాలి. పెళ్ళి సంబంధం మాట్లాడాలన్నా, అప్పు తీర్చాలన్నా, పక్క ఊళ్ళో చావు కబురు తెలియాలన్నా అక్కడే. ఈ సంగతి తెలియకుండా సంతను ఉప్పూ పప్పూ కొనే చోటు అనుకుంటే సగమే చూసినట్టు.

ముత్నూర్ దగ్గర పక్క రోడ్డుకు తిరిగాక బండి నడవలేదు, మేమే నడిచాం. ఆటోలు, ట్రాక్టర్లు, జీపులు, ఎడ్లబండ్లు. బండ్ల వెనక గడ్డిమోపులు, వంట గిన్నెలు, దుప్పట్ల మూటలు, ఆ మూటల మీద నిద్రపోతున్న పిల్లలు. తమ్ముడికి దారి పొడవునా "రాం రాం" చెప్పేవాళ్ళే. వాడు "రాం రాం దాదా" అంటూ నడుస్తున్నాడు. ఇంట్లో అత్తయ్యకు నమస్కారం పెట్టమన్నా సిగ్గుపడేవాడు!

ఇక బజారు. ఇసక వేస్తే రాలని జనం. మొదటి వరుసంతా గాజులు, పూసలు, రిబ్బన్లు. రెండోది మిఠాయిలు: జిలేబీ, ఖాజా, బత్తాసులు, పేలాలు, మిర్చి బజ్జీల బాండీలు. ఆ వెనక స్టీలు సామాన్లు, ప్లాస్టిక్ బిందెలు, రగ్గులు, స్వెట్టర్లు. ఇంకా లోపలికి పోతే గొడ్డళ్ళు, కొడవళ్ళు, పగ్గాలు, ఎద్దుల మెడకు కట్టే పట్టెడలు, గంటలు. చివరన బావి గోడల మీద మోటారు సైకిళ్ళు తిప్పే మోత్ కా కువా, రంగుల రాట్నం, మైకుల హోరు. మహారాష్ట్ర దగ్గరే కాబట్టి సగం దుకాణాలవాళ్ళు అక్కడివాళ్ళే. ఒకే బేరం గోండిలో మొదలై, మరాఠీలో నడిచి, హిందీలో కోపం తెచ్చుకుని, తెలుగులో తెగడం నా చెవులతో విన్నాను.

గంటల దుకాణం ముందు ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల ధోవతి, తెల్ల తలపాగా, మోకాళ్ళ మీద చేతికర్ర. ఒక్కో గంట తీసి చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా కొడుతున్నాడు. మోత ఆగేదాకా విని పక్కన పెడుతున్నాడు. కొన్నింటిని రెండోసారి విన్నాడు. దుకాణం మనిషి తొందరపెట్టలేదు, మధ్యలో నాలాంటి వాళ్ళు ధరలు అడిగినా ఆ ముసలాయన వింటున్నంతసేపు పెద్దగా మాట్లాడలేదు. ఆఖరికి రెండు గంటలు ఏరి, రెంటినీ కలిపి ఒకసారి మోగించి, తల ఊపాడు. "అంతసేపు ఏం చూశాడురా?" అని తమ్ముణ్ణి అడిగాను. "రాత్రి అడవిలో మేస్తున్నప్పుడు తన ఎద్దు ఏదో, పక్కవాడి ఎద్దు ఏదో చెవితోనే తెలియాలి కదా అక్కా. ఊళ్ళో ఎవరి దగ్గరా లేని మోత వెతుక్కుంటున్నాడు" అన్నాడు.

మా తమ్ముడు ఫోన్లో చెప్పిన మాట నాకు అక్కడ పట్టుబడింది. పట్నంలో చేనేత మేళాకో హస్తకళల ప్రదర్శనకో పోతే అమ్మేవాడిది ఒక బతుకు, కొనేవాడిది ఇంకో బతుకు. మనం కొన్నది షోకేసులోకి పోతుంది. ఇక్కడ కొన్న గంట ఎల్లుండి ఎద్దు మెడలో ఉంటుంది. పుష్యంలో ఈ బజారు ఇంతగా నిండటానికి కారణం కూడా చేలల్లోనే ఉంది. పత్తి ఏరి అమ్ముకున్నాక చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులివి. ఏడాదికి కావలసిన గొడ్డలి, రగ్గు, పిల్లకు గాజులు అన్నీ ఒక్క చోట, ఒక్కసారి.

హస్తకళ అని మనం అనేది లేకపోలేదు. ఒక మూల డోక్రా అనే ఇత్తడి పోత బొమ్మలు పెట్టుకుని, ఆ పని చేసే ఓజల కుటుంబం ఒకటి కూర్చుంది. ఉషేగాం, చిత్తల్‌బోరి ఊళ్ళు ఈ పనికి పెట్టింది పేరు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఆవిడ ఒళ్ళో చిన్న చెక్క, దాని మీద మైనం ముద్ద. బొటనవేలితో అలా నెడుతుంటే దారంలా సన్నగా సాగుతోంది. ఆ మైనం దారాన్ని మట్టి బొమ్మకు చుట్టూ చుట్టుకుంటూ పోతే కళ్ళు, నగలు, నెమలి ఈకల తలపాగా వస్తాయి. దాని మీద మళ్ళీ మట్టి మెత్తి, కాల్చితే మైనం కరిగి కారిపోతుంది. ఖాళీ అయిన చోట కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పైమట్టి పగలగొట్టాల్సిందే, కాబట్టి ఒక అచ్చుకు ఒకే బొమ్మ. నేను తలలో లెక్క వేసుకుని, బేరం ఆడకుండా గుస్సాడీ నాట్యగాడి బొమ్మ ఒకటి తీసుకున్నాను. నా పక్కన నిలబడి కొంటున్నవాళ్ళు కూడా నాలాంటి పట్నం వాళ్ళే, కొందరు ఆఫీసర్లు. ఒకప్పుడు గోండుల దేవుళ్ళ ప్రతిమలు, గంటలు, నగలు చేసిపెట్టింది ఈ ఓజలే. ఇప్పుడు గోండుల పిల్ల రోల్డ్ గోల్డ్ వరుస ముందు నిలబడి ఉంది. ఆ పిల్లది తప్పనడానికి మనమెవరం? మన అమ్మమ్మల కాసులపేర్లు మనం మాత్రం రోజూ వేసుకుంటున్నామా?

పక్కనే మహిళా సంఘం వాళ్ళు ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముతున్నారు. ఇప్పపువ్వు అంటే సారాయే గుర్తొచ్చే నాకు ఆ లడ్డూ ఆశ్చర్యమే. బెల్లం, పల్లీలు, నువ్వుల మధ్య పువ్వు వాసన ఆఖర్న గొంతులో తగులుతుంది. ఇంటికి తీసుకెళ్దామని కొన్న డబ్బా రాత్రికే ఖాళీ.

బజారుకు అవతల పెద్ద టెంట్లు వేస్తున్నారు, దర్బారుకట. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, ఆదివాసులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన, భార్య ఎలిజబెత్ మార్లవాయిలో కొంతకాలం గోండుల మధ్యనే ఉన్నారు. ఆమె సమాధి కూడా ఆ ఊళ్ళోనే ఉంది. 1942లో నాగోబా జాతరలో దర్బారు పెట్టించింది ఆయనే. జనం ఆఫీసుకు రారు, వచ్చినా లోపలికి రానివ్వరు. జనం ఎలాగూ కేస్లాపూర్ వస్తారు కాబట్టి ఆఫీసే ఇక్కడికి వస్తే సరి. ఎంత తేలిక ఆలోచన! ఇప్పటికీ దర్బారు రోజు కలెక్టరు, మంత్రులు వచ్చి కూర్చుంటారు, పోడు పట్టాల దగ్గర్నుంచి బోరింగుల దాకా అర్జీలు పడతాయి. అర్జీలన్నీ తీరతాయా అంటే తమ్ముడు నవ్వాడు. అప్పటిదాకా ఉండటానికి నాకు సెలవు లేదు.

చీకటి పడ్డాక గుడి వైపు వెళ్ళాం. కొత్త రాతి గుడి, 2022 డిసెంబరులో ప్రారంభమైంది. మెస్రం కుటుంబాలవాళ్ళే చందాలు వేసుకుని కట్టుకున్నారు. మహాపూజ వేళ లోపలికి మెస్రం వాళ్ళకే ప్రవేశం, మిగతా అందరం బయటే. ఆ పక్కన గోడ లోపల పొగ లేస్తోంది. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా వంట మాత్రం 22 పొయ్యిల మీదే. మెస్రం వంశంలో ఎవరి శాఖకు ఏ పొయ్యో ముందే తీరి ఉంటుంది, వంతులవారీగా వండుకుంటారు. పూజలో ఆడపడుచులకూ అల్లుళ్ళకూ పని ఉంది. సిరికొండ కుండలతో కోనేటి నీళ్ళు తెచ్చి, మట్టి తడిపి కొత్తగా పుట్ట కట్టేది వాళ్ళే. పుట్టిల్లు విడిచి వెళ్ళిన పిల్ల చేతి మట్టి లేకుండా పుట్టింటి దేవుడికి పుట్ట లేదు.

చెట్టు కింద ఒక ప్రధాన్ పెద్దాయన, అంటే గోండుల కథలు పాడే తెగవాడు, కిక్రీ వాయిస్తూ మెస్రం వాళ్ళ కథ పాడుతున్నాడు. మూడు తీగల వాయిద్యం, గొంతు దానికంటే బొంగురు. గోండి నాకు ఒక్క ముక్క రాదు. చుట్టూ కూర్చున్న ముసలివాళ్ళు ఎక్కడ తల ఊపుతున్నారో చూసి నేనూ ఊపాను. అటు మోత్ కా కువా మోటారు సైకిళ్ళ చప్పుడు, ఇటు ఇది. ఆయన ఆపలేదు, ఎవరూ విసుక్కోలేదు.

అర్ధరాత్రి దాటాక భేటింగ్. ఆ ఏడాది మెస్రం ఇళ్ళకు కోడళ్ళుగా వచ్చినవాళ్ళను పెద్దలు దేవుడి ముందుకు తీసుకొస్తారు. తెల్ల చీరలు, తల మీంచి నిండా ముసుగు, వరుసగా నడుస్తున్నారు. ఈ భేటి అయ్యేదాకా ఆ పిల్లకు వంశపు పూజల్లో భాగం లేదు. అయ్యాకే నాగోబా తనవాడు. ఒక కుర్రాడు సెల్ఫీ కర్రను ఆ అమ్మాయిల ముఖాల్లోకి చాపాడు. ఒక మెస్రం పెద్దాయన వచ్చి, గొంతు పెంచకుండా, ఆ కర్రను పట్టి కిందికి దించేశాడు. నా ఫోన్ కూడా సంచిలోకి పోయింది.

పొద్దున్నే తిరుగు ప్రయాణానికి ముందు గాజుల వరుసలోకి వెళ్ళాను. రాత్రి భేటింగ్‌లో నడిచినవాళ్ళే అయ్యుంటారు, నలుగురు కొత్త కోడళ్ళు ఒక దుకాణం ముందు చేరారు. ముసుగులు ఎప్పుడో జారిపోయాయి. వెంట ఉన్న అత్త ఎర్ర గాజులు చూపిస్తుంటే, కోడలు మాత్రం తళుకు పొడి అంటించిన ఆకుపచ్చ గాజులకేసే చూస్తోంది. కాసేపు ఆ వాదన నడిచాక అత్తే ఓడిపోయింది. గాజులామెది చంద్రాపూర్. నా వంతు వచ్చేసరికి డజను 60 రూపాయలంది. 40కి అడిగాను.

"తాయీ, మొన్న పున్నానికి నార్నూర్‌ల ఖాందేవ్ జాతర్ల గూడ 60కే ఇచ్చిన. నేనేమన్న ఊరికో రేటు చెప్తనా?"

"ఇక్కణ్ణుంచి ఎక్కడికి?"

"శ్యాంపూర్. బుడుందేవ్ జాతరకు. ఈల్లంత ఆడికే వస్తరు, మేం గూడ ఆడికే." వెనక డబ్బాలకు తాడు కడుతున్న భర్తకు మరాఠీలో ఏదో పురమాయించి, మళ్ళీ నా వైపు తిరిగింది. "40కి కావాల్నంటే శ్యాంపూర్ ఆఖరు రోజు రా. మిగిలినయి ఇస్త. రంగు మాత్రం ఏరొద్దు."

55కి తెగింది.