విదేశీ పెట్టుబడి, ఉద్గారాలు: గ్రూప్-1 మెయిన్స్‌కు నేను సిద్ధమైన తీరు

గ్రూప్-1 తుది జాబితాలో నా హాల్‌టికెట్ నంబరు కనిపించినప్పటి నుంచి, ఎకానమీ, పర్యావరణం కలగలిసిన ప్రశ్నలకు ఎలా సిద్ధమయ్యావని మిత్రులు అడుగుతున్నారు. చరిత్ర, పాలిటీలకు అందరూ చదివేవే నేనూ చదివాను. వివరంగా చెప్పదగినది ఒక్క అంశమే: విదేశీ పెట్టుబడి, ఇంధన వినియోగం, పాలన కలిసి హరితగృహ వాయు ఉద్గారాలను ఎలా ప్రభావితం చేస్తాయన్నది.

విశాఖ ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో చదువుకునే మా బృందంలో అందరి జవాబులూ ఒకే మూసలో ఉండేవి. నిబంధనలు సడలుగా ఉన్న దేశాలకు కాలుష్య పరిశ్రమలు తరలిపోతాయనే పొల్యూషన్ హేవెన్ వాదానికి ఒక పేరా, విదేశీ కంపెనీలు శుభ్రమైన సాంకేతికతను తెస్తాయనే పొల్యూషన్ హేలో వాదానికి మరొకటి, చివర పారిస్ ఒప్పందం. ఈ మూస నుంచి నన్ను బయటపడేసింది విశాఖే. తాల్చేరు బొగ్గుతో నడిచే 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రమూ, కోక్‌తో ఇనుము కరిగించే ఉక్కు కర్మాగారమూ ప్రభుత్వ రంగానివే. అంటే పెట్టుబడి ఏ దేశానిదన్న దానికంటే, అది ఏ రంగంలోకి వచ్చి ఏ ఇంధనాన్ని వాడుతుందన్నదే ముఖ్యం. ఆర్థికవేత్తలు గ్రాస్‌మన్, క్రూగర్ 1991లో చెప్పిన పరిమాణ (ఉత్పత్తి ఎంత పెరిగింది), కూర్పు (ఏ రంగాల్లో పెరిగింది), సాంకేతిక (ఎంత శుభ్రమైన పద్ధతిలో జరిగింది) ప్రభావాలు నాకు అప్పుడే వంటబట్టాయి. విశాఖలో డేటా సెంటర్ కోసం 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడినే తీసుకోండి. డేటా సెంటర్‌కు పొగగొట్టం ఉండదు; దాని ఉద్గారాల్లో అధిక భాగం అది వాడే కరెంటు ఎక్కడ, దేనితో తయారైందన్న దానిమీద ఆధారపడతాయి.

పాలన దగ్గర చాలామంది ప్రపంచ బ్యాంకు ఆరు పాలనా సూచికలను అప్పజెప్పి ఊరుకుంటారు. నేను మాత్రం 2019లో మన రాష్ట్రం పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలను తిరగదోడిన ఉదంతాన్ని, ఒప్పందంలోని ధరలే చెల్లించాలంటూ 2022 మార్చిలో హైకోర్టు ఇచ్చిన తీర్పును రాసేవాణ్ణి. సౌర, పవన కేంద్రాలకు ఖర్చంతా దాదాపు మొదట్లోనే పెట్టాలి కాబట్టి, ఒప్పందంపై నమ్మకం సడలి వడ్డీ పెరిగితే ఆ భారం బొగ్గు కేంద్రాలకంటే వాటిపైనే ఎక్కువగా పడుతుంది. ప్రభుత్వ నిర్ణయాన్ని తప్పుపడితే మార్కులు పోతాయని కొందరు హెచ్చరించారు. ఆ ధరలతో డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) నష్టపోతున్నాయన్న ప్రభుత్వ వాదననూ పక్కనే రాశాను గనుక అది విమర్శ కాదు, విశ్లేషణ అనే నేటికీ నా అభిప్రాయం. అయితే ఇలాంటి జవాబు చదివినంత మాత్రాన రాదు. రోజూ ఒకటి చేత్తో రాసి, గడియారం చూసి ఆపే క్రమశిక్షణ కావాలి.

అంకెల్లో ఒకదాన్ని జాగ్రత్తగా వాడండి. 2030 నాటికి భారత్ తగ్గిస్తానన్నది 2005 స్థాయితో పోలిస్తే జీడీపీ ఉద్గార తీవ్రతను (ఒక్కో రూపాయి జీడీపీకి వెలువడే ఉద్గారాలను) 45 శాతం, మొత్తం ఉద్గారాలను కాదు. తీవ్రత అంత తగ్గినా, జీడీపీ రెట్టింపైతే మొత్తం ఉద్గారాలు 10 శాతం పెరుగుతాయి. జవాబులో ఈ చిన్న లెక్క వేసి చూపిస్తే, తీవ్రతకూ మొత్తానికీ ఉన్న తేడాపై వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.