ముప్పై ఒక్క మామిడి పిందెలు

గుజరాత్‌లోని భుజ్ వెళ్తున్నాం అనగానే అందరూ రణ్, అదే ఆ ఉప్పు ఎడారి, చూడ్డానికేనా అన్నారు. అదీ చూశాం లెండి, తెల్లగా బానే ఉంది, ఆ ఫోటోలు అందరి దగ్గరా ఉన్నవే. నేనూ మా పిన్నీ అసలు బయల్దేరింది మాత్రం బ్యాగు అడుగున దిండు గలీబులో చుట్టి పెట్టుకున్న అమ్మమ్మ గద్వాల చీర కోసం. చీర అంటే చీరేం లేదు, నూలు ఒళ్లు ఎప్పుడో పిగిలిపోయింది, మిగిలింది పట్టు కొంగూ, నాలుగు మూరల జరీ అంచూ అంతే. వాటితో నా కొలతలకి పైన వేసుకునే పొట్టి కోటు కుట్టించాలని, పాత గుడ్డలతో ఇలాంటివి చేసే దర్జీ ఒకాయన అక్కడున్నాడని విని వెళ్లాం.

పాత గుడ్డ అంటే నాకు భయం పట్టుకుంది ఎందుకంటే ఇంతకు ముందోసారి మా దగ్గరే ఒక టైలర్‌కి పాత పట్టు ఇచ్చి కుర్తా కుట్టించుకున్నా, రెండోసారి వేసుకుని ఆటో ఎక్కుతూ చెయ్యెత్తానో లేదో చంక దగ్గర పర్రుమంది.

మొదటి రోజు భుజ్ దగ్గర్లోని అజ్రఖ్‌పూర్‌లో ఎల్‌ఎల్‌డీసీ అనే చేతిపనుల మ్యూజియం. ఆ ఊరే కొత్తది, 2001 జనవరి 26 భూకంపం తర్వాత ధమడ్కా అనే ఊళ్లో నీళ్లు అద్దకానికి పనికిరాకుండా పోతే అక్కడి ఖత్రీలు, అంటే అద్దకం పనివాళ్లు, కొంతమంది వచ్చి కట్టుకున్నారు. మ్యూజియంలో సూఫ్ కుట్టు దగ్గర పిన్ని కదల్లేదు. ముందు డిజైన్ గీసుకోవడం లేదు ఏమీ లేదు, గుడ్డ వెనక వైపు నుంచి దారాలు లెక్కపెట్టుకుంటూ కుట్టుకుపోతే ముందు వైపు త్రికోణాలు తేలతాయి. ఇంకోటి కూడా అక్కడే తెలిసింది, పశువులు కాసుకునే ఢేబరియా రబారీల్లో పెళ్లికూతురు తన కుట్టుపని అంతా పూర్తయ్యేదాకా అత్తారింటికి వెళ్లేది కాదట, ఏళ్లు గడిచిపోతున్నాయని 1995లో వాళ్ల పెద్దలు ఎంబ్రాయిడరీనే మానిపించేశారు. ఆడవాళ్లు ఊరుకుంటారా, కొనే లేసులూ రిబ్బన్లూ తెచ్చి మిషన్ మీద వేసి కొత్త పని మొదలెట్టారు. నాకైతే ఆ లేసుల పనే ఎక్కువ నచ్చింది, పిన్ని ఒప్పుకోదు.

రెండో రోజు దర్జీ ఇల్లు. ఆయన ముందు కొలతలు తీస్తాడనుకున్నా, నా వైపు చూళ్లేదు కూడా. కొంగుని కిటికీ వెలుతుర్లో పట్టుకుని మడతలు పడ్డ చోటల్లా సుద్దతో సన్నగా గీతలు పెట్టాడు, అక్కడ సూది దిగితే చీలిపోతుందట. తర్వాత అంచు తిప్పి చూసి నవ్వాడు. గద్వాల్లో నూలు ఒళ్లూ పట్టు అంచూ కలిసే చోట దారం దారానికి కొక్కెం వేసినట్టు ఉంటుంది కదా, మనవాళ్లు కుప్పడం అంటారు, అది చూసి. ఆ కలయిక పక్కన నూలు అర అంగుళం ఉంచి కత్తిరిస్తాను, కుట్టు నూలులోకి పోతుంది, పట్టుని ముట్టుకోను అన్నాడు. చంకలకీ మోచేతులకీ మాత్రం కొత్త మష్రూ వేస్తానన్నాడు. మష్రూ పైకి పట్టు, ఒంటికి తగిలే వైపు నూలు. నా కుర్తా సంగతి చెప్తే, "బెన్, చెయ్యి ఎత్తే చోట పాతది పెడతారా ఎవరన్నా?" అన్నాడు. ఏం చెప్పను.

అప్పుడు కొలతలు తీసి, ముందు ముతక గుడ్డతో ఒక కోటు టాకాలేసి నా మీద వేసి, భుజం దగ్గర రెండు సార్లు విప్పి సరిచేశాడు, సాయంత్రం అయిపోయింది. కత్తెర ఇంకా కొంగుని తాకలేదు. పిన్నికి మాత్రం నమ్మకం లేదు. "ఒక్క ముక్క పోయినా ఊరుకోను" అని నాతో తెలుగులో అంటూ ఆయన ఎదురుగానే కొంగు మీద జరీ పిందెలు వేలు పెట్టి లెక్కపెట్టింది, 31. ఆయనకి తెలుగు రాకపోయినా విషయం అర్థమైపోయింది అనుకుంటా, తల వంచుకుని తనూ లెక్కపెట్టాడు. నాకు సిగ్గేసింది.

నెల తర్వాత పార్సిల్ వచ్చింది. కోటు ఒంటికి అతికినట్టుంది. కుడి చెయ్యి కొంచెం పొట్టి, పిందెని సగానికి కొయ్యడం ఇష్టంలేక అక్కడే ఆపేశాడని చూస్తేనే తెలుస్తోంది. విడిగా ఒక గుడ్డ సంచిలో మిగిలిన పీలికలన్నీ, వేలెడంత ముక్క కూడా పారెయ్యకుండా పంపాడు. పిన్ని వెంటనే నేల మీద పరిచి కూర్చుంది. కోటు మీద 25, సంచిలో 5. "చెప్పానా" అంది. ఫోన్ చేసి అడగమంది, నేను చెయ్యనన్నా, రెండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.

మూడో రోజు కోటు వేసుకుని చూస్తుంటే ఎడమ వైపు లైనింగ్ లోపల చేతికి ఏదో గరుగ్గా తగిలింది. చిన్న జేబు, నాలుగు వేళ్లు పట్టేంత. దాని మీద ముప్పై ఒకటోది. పిన్నిని పిలిచి చూపించా. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "అమ్మ తాళాలు ఎప్పుడూ ఈ వైపే దోపుకునేది" అంది.