కంచు ముక్కు

మంగళవారం, హైఫా, ఇజ్రాయెల్.

పొద్దున్న బీపీ చూసి, మందులిచ్చి, తాతను చక్రాల కుర్చీలో మ్యూజియానికి తీసుకెళ్ళాను. నేను చూసుకునే ఈ పెద్దాయన ఒకప్పుడు రేవులో పనిచేసిన మనిషి. ఓడల మ్యూజియం చూడాలని నెల రోజులుగా అడుగుతున్నాడు.

అక్కడ నన్ను కదలనివ్వనిది ఒక్కటే వస్తువు. శత్రువు ఓడను ఢీకొట్టడానికి పాతకాలపు యుద్ధనౌక ముందు భాగాన, నీటిమట్టం దగ్గర తొడిగే కంచు ముక్కు. 1980లో హైఫాకు దక్షిణాన, అత్లిత్ దగ్గర సముద్రంలో దొరికింది. 2.26 మీటర్ల పొడవు, 465 కిలోల బరువు. అంతా ఒకే పోత!

ఇలాంటిది ఈటెలా పొడిచేదనుకున్నాను ఇన్నాళ్ళూ. తీరా చూస్తే కొస మొద్దుగా ఉంది, అడ్డంగా మూడు రెక్కలు. ఆ మొద్దుదనంలోనే ఉంది పనంతా. అప్పటి ఓడల పలకల్ని అంచుకు అంచు చేర్చి, అంచుల్లో బెజ్జాలు చేసి, వాటిలో కుసులనే చిన్న చెక్క ముక్కలు దించి బిగించేవారు. మా నాన్న వడ్రంగి కాబట్టి నాకిది వెంటనే అర్థమైంది. దెబ్బ తగిలితే కుసులు విరిగి, పలకల మధ్య సందులు విడి, నీళ్ళు తోసుకొస్తాయి. అదే మొనదేలి ఉంటే చెక్కలో దిగబడిపోతుంది. దిగబడితే కొట్టిన ఓడకే ప్రమాదం, అవతలి సైనికులు ఎక్కేస్తారు.

అందుకే కొట్టడం ఎంతో, వెంటనే వెనక్కి లాగడం అంత ముఖ్యం. గ్రీకుల ట్రైరీమ్‌లో, అంటే మూడు వరసల తెడ్ల యుద్ధనౌకలో, తెడ్లు వేసేవాళ్ళు 170 మంది. క్రీ.పూ. 480లో సలమిస్ జలసంధిలో పర్షియా ఓడల్ని ఢీకొట్టింది ఈ తెడ్ల బలమే. కింది వరసల్లో కూర్చున్నవాళ్ళకు ఎదురుగా వస్తున్న ఓడ కనిపించదు. వినబడే లయను నమ్మి ముందుకు, మరుక్షణం వెనక్కి. గెలిచిన గ్రీకు సేనాని థెమిస్టొక్లీస్ పేరు చరిత్రలో నిలిచింది. నాకు మాత్రం ఆ చేతులే కళ్ళముందు కదిలాయి.

వచ్చేటప్పుడు గట్టు దగ్గర కుర్చీని వెనక్కి తిప్పి, నెమ్మదిగా దింపాను. తాత రెండు చేతులతో తెడ్డు లాగుతున్నట్టు చేసి నవ్వాడు.

రాత్రి నాన్నకు ఫోన్‌లో చెప్పాను. ఆ కంచు లోపల ఓడ చెక్కలు 16 ముక్కలు మిగిలే ఉన్నాయంటే కాసేపు మాట్లాడలేదు.

"కుసులు కూడానా తల్లీ?"

"కూడానే నాన్నా."

ఈసారి వెళ్ళినప్పుడు దగ్గరగా ఫొటో తీసి పంపమన్నాడు.